రెండు చివరలు

పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే శాలోమి వంటింటి గడప దగ్గర కూర్చుని కేబులు ముక్కలకి ప్లగ్గులు బిగిస్తోంది. పైతొడుగు ఒలిస్తే లోపల సన్నటి తీగలు, రెండేసి మెలేసుకుని నాలుగు జతలు. మెలి విప్పి, రంగుల వరస చూసుకుని, గోటితో సాపు చేసి, ప్లగ్గులోకి తోసి నొక్కాలి. మధ్యలో లేచి పప్పు కలిపి, చెయ్యి తుడుచుకుని మళ్ళీ కూర్చోవాలి. వీధరుగు మీద అత్తగారు కరుణమ్మ పక్కింటావిడతో చెబుతోంది. "మా కోడలికేటమ్మా, ఇంట్లో కాళీగానే ఉంటాది. ఆడొక్కడే తిరగలేక సస్తన్నాడు." ఒళ్ళో పడ్డ తీగ తుంపులు ఏరుకుంటూ శాలోమి విన్నది. కొత్త మాట కాదు.

ఆమె అనకాపల్లిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. భర్త జాబేజ్ పదో తరగతి దగ్గర ఆగిపోయి, కేబుల్ టీవీ తీగలు లాగుతూ పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక చోడవరం బస్టాండు దగ్గర ఫోన్లు, కెమెరాలు, కంప్యూటర్ల వైరింగు చేసే షాపు పెట్టాడు. బోర్డు మీద అతని పేరు రాయించాడు. లోపలి పని ఇద్దరూ చేశారు. "మనదే కదే" అనేవాడు. ఆ మాటతోనే ఆమెకి చాలాకాలం కడుపు నిండిపోయింది.

మెయిన్ రోడ్డులో ఎరువుల డీలరు కొత్త ఆఫీసు కడుతూ మేడంతటికీ వైరింగు వీళ్ళకి అప్పజెప్పాడు. ప్రతి బల్లకీ ఒక కంప్యూటరు, రెండు లైన్ల ఫోను. ఒకటి రైతులకి, ఒకటి గోవాడ గోడౌనుకి. రంగుల వరస ఎ పెట్టాలా బి పెట్టాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ రెంటికీ తేడా గ్రీన్ జత, ఆరెంజి జత స్థలాలు మార్చుకోవడమే. ఏదైనా పనిచేస్తుంది గానీ, ఒక తీగకి రెండు చివర్లా ఒకటే ఉండాలి. శాలోమి వెళ్ళి కింద గదిలో ఫోను లైన్లు వచ్చే పెట్టె విప్పి చూసింది. రెండో లైను ఆరెంజి జత మీద వస్తోంది. ఎ వరస అయితే ఆ జత తిన్నగా ఫోనుకి అందుతుంది. అదే చెప్పింది. జాబేజ్ తల ఊపి, మేనేజరు సంధ్యారాణి దగ్గరికెళ్ళి, "నేను ఆలోసించి ఎ పెడదామనుకున్నాను మేడమ్" అన్నాడు. శాలోమి అతని వెనకే నిలబడి ఉంది. మొగుడి నోట తన మాట వినడం అలవాటైపోయినవాళ్ళు ఎలా నిలబడతారో అలాగే నిలబడింది.

సంధ్యారాణి కళ్ళు మాత్రం పెట్టె విప్పిన చేతుల మీదే ఉన్నాయి. "పనయ్యాక వీటిని చూసుకోడానికి మాకు మనిషి కావాలమ్మా. నువ్వు చేరతావా?" అంది.

"ఎందుకు సేరదు మేడమ్" అని జాబేజే జవాబు చెప్పేశాడు. ఇంటికొచ్చాక మాత్రం, "నువ్వెళ్ళి అక్కడ కూసుంటే ఇక్కడ పనెవరు సేస్తారే? సూద్దాంలే" అన్నాడు. ఆ 'సూద్దాం' పట్టుకుని ఆమె మనసులోనే రోజూ పొద్దున్నే తయారై, తన పేరున్న కార్డు మెడలో వేసుకుని, మెయిన్ రోడ్డు దాటి వెళ్ళి వస్తుండేది. ఎవరికీ చెప్పకుండా ఒక చీర కూడా ఇస్త్రీ చేసి పక్కన పెట్టుకుంది.

తీగలన్నీ వచ్చి చేరే కింద రాక్ ఆమె బిగించింది, ఎ వరసలో. పైగదుల సాకెట్లు జాబేజూ, అతని దగ్గర పనిచేసే దిలీపూ బిగించారు.

ఆఫీసు తెరిచిన రోజున ఫోన్లలో మొదటి లైను మోగింది. రెండోది మోగలేదు. కొత్త కంప్యూటర్లు తమంతట తాము సర్దుకున్నాయి, పాతవి మొరాయించాయి. టెస్టరు పట్టుకు రమ్మని జాబేజ్ ఫోను చేస్తే శాలోమి ఆటోలో వెళ్ళింది. మెట్లెక్కుతుంటే అతని గొంతు వినబడింది.

"రాక్ మా ఆవిడ సేసింది మేడమ్. ఇంటి గొడవల్లో పడి మనసెట్టలేదు. నేనే సూసుకోవాల్సింది, నాదే తప్పు."

ఎంత పెద్దమనసుతో తప్పు తన మీద వేసుకున్నాడో. సంధ్యారాణి గుమ్మంలో ఉన్న శాలోమిని చూసి చూపు తిప్పుకుంది. "సోమవారం నాటికి సరిచెయ్యండి. ఆ ఉద్యోగం సంగతి వేరేవాళ్ళకి చెబుతాంలే" అంది, మెల్లగానే. మెల్లగా అనడం వల్ల ఇంకా బాగా వినబడింది.

శాలోమి దగ్గర్లో ఉన్న సాకెట్టు విప్పింది. తీగలు బి వరసలో దిగి ఉన్నాయి. పక్కదీ అంతే. జాబేజ్ ఆమె చేతుల కేసి చూశాడు, ఆమె మొహం కేసి చూడలేదు. నాలుగు మాటలు అక్కడే అనెయ్యొచ్చు. కానీ ఇన్నేళ్ళూ ఆ మనిషి పరువు నలుగురిలో కాచుకొచ్చిన గొంతు, ఒక్కసారి తిరగమంటే తిరగలేదు.

బండి మీద ఇంటికొస్తూ అడిగింది. "పైన బి ఎందుకు పెట్టేరు?"

"దిలీప్‌గాడి సెయ్యి దానికే అలవాటు. సగం అయ్యేక సూసేను. మళ్ళీ విప్పడమెందుకని ఊరుకున్నాను."

"మరి నా పేరెందుకు సెప్పేరు?"

"నా పేరు సెడితే ఈ ఊర్లో పనెవడిస్తాడే? నీ పేరుకేటవుద్ది. బయట నీకు పేరెక్కడుంది?"

కోపంతో అనలేదు. చెరుకు లారీకి దారిస్తూ, హారను కొడుతూ, ఎండగా ఉందన్నట్టు అన్నాడు. తిట్టి ఉంటే ఆమె మర్చిపోయేదేమో. ఇన్నాళ్ళూ తాను నమ్ముకున్న 'మనదే'లో తనకి చోటే లేదని ఇతనికి మొదట్నించీ తెలుసు. తెలియంది తనకే. ఆమె అతని భుజం మీదున్న చెయ్యి తీసి సీటు వెనకున్న ఇనప కడ్డీ పట్టుకుంది.

శనివారం భోజనాల దగ్గర జాబేజ్ గొంతు తగ్గించాడు. "రేపు ఆఫీసుకి సెలవు. తాళం నా దగ్గరే ఉంది. ఇద్దరం ఎల్లి పైవన్నీ ఎ కి మార్సేద్దాం. నీ సెయ్యయితే బేగి అయిపోద్ది. ఎవరికీ తెలీదు."

"మరి ఆరాధనో?" అంది శాలోమి.

కరుణమ్మ అందుకుంది. "ఒక్క వారం మానితే ఏసయ్య ఏటీ అనుకోడే. మొగుడి మర్యాద కన్నానా?" జ్వరంతో మందిరానికి వెళ్ళలేకపోయిన కోడలిని, సంఘంలో తలెత్తుకోలేకపోతున్నానని సాధించిన మనిషి ఆవిడే.

శాలోమి తల్లీకొడుకులిద్దరికీ మజ్జిగ పోసింది. తనకీ పోసుకుని, రోజూలా వాళ్ళు లేచేదాకా ఆగకుండా, పీట వాల్చుకుని వాళ్ళ ఎదురుగా కూర్చుంది.

"రేపు రాను. సోమవారం వస్తాను. మేడమ్ సీట్లో కూసున్నాక, అందరి ముందరా ఒక్కో సాకెట్టూ నేనే విప్పి మారుస్తాను."

జాబేజ్ ముద్ద ఆపాడు. "ఎవరు తప్పు బిగించేరని అడిగితే?"

"అడక్కపోయినా సెప్తాను" అంది.