ఇద్దరికీ ఒకటి చాలు

“నీళ్ళు ఒక సీసా చాలు, ఇద్దరికీ” అన్నాడాయన, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

ఆమె రెండో సీసాని మళ్ళీ వంటింటి గట్టు మీద పెట్టేసింది. నాలుగున్నరకే లేచి గుడ్లు ఉడకబెట్టి, రొట్టెముక్కల మధ్య కూర పెట్టి కాగితంలో చుట్టి, ఫ్లాస్కులో టీ పోసి, దుప్పటీ తువ్వాలూ గొడుగూ సర్దేసరికి సంచి చంటిబిడ్డంత బరువు తేలింది. తువ్వాలు ఒకటే. గొడుగు ఒకటే. వాటిని మోసే భుజమూ ఒకటే, ఆమెది. ఆయనకు నడుం పట్టేస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి పట్టేసింది.

ఆయన గోదాములో గుమాస్తా. పొద్దంతా సరుకు లెక్కపెట్టి, ఇంటికొచ్చాక కూడా ఏది ఎన్ని ఉండాలో చూసుకునే మనిషి. తాగడు, చెయ్యెత్తడు, కేకలెయ్యడు. “చిల్లిగవ్వ వృథా చెయ్యడు నా కొడుకు” అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. టీ కొట్టుకు వెళ్తే ఒక టీ చెప్పి రెండు కప్పుల్లో పోస్తాడు, చుక్క తేడా రాకుండా. భోజనానికి వెళ్తే ఒకటే పళ్ళెం. న్యాయంగానే ఉంటుంది, సగం సగం. పెళ్ళయిన పదకొండేళ్ళలో తనకంటూ ఏదైనా పూర్తిగా దక్కిందా అని ఆమెకి ఈమధ్యే అనుమానం మొదలైంది.

అనుమానానికి కారణం ఒక ఉత్తరం. ఆమె పెద్దాసుపత్రి రికార్డుల గదిలో పనిచేస్తుంది. ఏ రోగి కాగితం ఏ అరలో ఉందో చూడకుండా చెబుతుందని డాక్టర్లు ఆమెని ‘ఫైళ్ళమ్మ’ అంటారు. ఆ ఫైళ్ళమ్మని ఆరు నెలల శిక్షణకి వేరే ఊరు పంపి, తిరిగొచ్చాక మొత్తం విభాగం అప్పగిస్తామని పైవాళ్ళు రాశారు. సమ్మతమో కాదో సోమవారంలోగా తెలపాలి. ఆయన రెండుసార్లు చదివి, మడతలు చెదరకుండా మడిచి ఇచ్చాడు. “ఇంట్లో ఒకళ్ళు పైకొస్తే చాలదూ? రెండుచోట్ల రెండు కాపురాలెందుకు మనకి?” అన్నాడు. అత్తగారు ఫోన్లో ఒకటే మాట అడిగింది. “ఆరు నెలలు వాడికి అన్నం ఎవరు పెడతారే?”

నాలుగు రోజుల తర్వాత ఆయన ఉదారంగా ప్రకటించాడు. “నువ్వెలాగూ వెళ్ళట్లేదు కదా. ఆదివారం దీవి చూసొద్దాం, మనసు తేలికపడుతుంది. ఇప్పుడు సీజన్ కాదు, అంతా సగం ధర.”

ఆ ఉత్తరాన్ని సంచి లోపలి జేబులో ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు.

పడవ దిగేసరికి పదయింది. హోటళ్ళ షట్టర్లు దించి ఉన్నాయి. బల్లల మీద కుర్చీలు కాళ్ళు పైకెత్తుకుని ఉన్నాయి. రోడ్డు మధ్యలో పడుకున్న కుక్క తలెత్తి చూసి, వీళ్ళ కోసం లేవడం దండగనుకుని మళ్ళీ పడుకుంది. ఆయన మొహం వెలిగిపోయింది. “చూశావా? జనం లేరు, తోపులాట లేదు. దీవి మొత్తం మనదే ఇవాళ.” జేబులోంచి కాగితం తీశాడు. డబ్బు కట్టనక్కర్లేని బీచి ఏదో, దీపస్తంభం దగ్గర నీడ ఏ వేళకి ఎటు పడుతుందో అన్నీ రాసుకొచ్చాడు.

ఒక్కటి రాసుకోలేదు. రేవు దగ్గర మరుగుదొడ్లకి తాళం. బీచి దగ్గరా తాళమే. సీజన్ మొదలయ్యేదాకా తెరవబడవు అని రేకు మీద రాసి పెట్టారు. ఆయన అప్పటికే రెండుసార్లు రాళ్ళ చాటుకి వెళ్ళొచ్చాడు, ఈల వేసుకుంటూ.

“ఎవరున్నారని? ఆ పొదల వెనక్కి వెళ్ళు, నేనిక్కడ నిలబడతా” అన్నాడు.

పొదలు మోకాలెత్తున ఉన్నాయి. పైన దీపస్తంభానికి వేలాడుతూ ఇద్దరు సున్నం వేస్తున్నారు. “వద్దులెండి” అంది.

అక్కణ్ణుంచి దీవి కుంచించుకుపోయింది. సముద్రం ఉంది, ఇసుక ఉంది, ఆయన వేలుపెట్టి చూపిస్తున్న కొండరాయీ ఉంది. ఆమెకి మాత్రం పొత్తికడుపు ఒక్కటే ఉంది. కూర్చుంటే నొప్పి, నడిస్తే భయం. పొద్దుటినుంచి మూడు గుక్కలకి మించి నీళ్ళు తాగలేదు, అయినా ఇంతే. పెళ్ళిళ్ళకి వెళ్ళినా బస్సెక్కినా ఆమె ముందు చేసే పని నీళ్ళు మానెయ్యడం. ఆసుపత్రిలోనూ అంతే. రికార్డుల గది కింద, ఆడవాళ్ళ మరుగుదొడ్డి మూడో అంతస్తులో. వెళ్ళొచ్చిన ప్రతిసారీ సూపర్నెంటు గడియారం వంక చూసి “వాకింగా?” అని నవ్వుతాడు. ఆమె చూసిన ఊళ్ళన్నీ ఆమెకి అలాగే గుర్తున్నాయి, గుళ్ళూ గోపురాలూ కాదు, ఎక్కడ ఎంతసేపు ఓర్చుకుందో. ఇన్నేళ్ళూ ఈ ఓర్పుని అందరూ మంచితనం అంటూ వచ్చారు. తనూ అలాగే అనుకుంది.

“రెండింటికో పడవ ఉందన్నారుగా. వెళ్ళిపోదామండీ” అంది చివరికి.

“ఉంది. మనది జంట టికెట్, ఐదింటి పడవకే చెల్లుతుంది. అందుకే అంత తక్కువకి ఇచ్చారు.” ఆయన వాచీ చూసుకున్నాడు. “ఒంటిగంటయింది. ఇంకెంతసేపు, ఓర్చుకో.”

రేవు వైపు తిరిగొస్తుంటే సందులో ఒక లాడ్జీ ముందు, తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దావిడ కిటికీ చట్రానికి రంగు వేస్తోంది. ఆమె నిలబడిన తీరు చూసి కుంచె డబ్బాలో పెట్టేసింది. “లోపలికి రా తల్లీ.”

ఆయన ముందుకొచ్చాడు. “గదికి ఎంతండీ? మాకు పది నిమిషాలకే, కాస్త తగ్గించుకుని...”

“నిన్ను పిలవలేదు బాబూ. ఆ అమ్మాయిని పిలిచా. నువ్వు ఆ కుక్కతో కూర్చో, మంచిదే అది.”

సంచి భుజానే ఉంచుకుని ఆమె మెట్లెక్కింది. పై గదికి ఆనుకునే మరుగుదొడ్డీ స్నానాలగదీ. పెద్దావిడ కొత్త సబ్బు కాగితం చింపి గట్టు మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. కుళాయి తిప్పితే ధారగా నీళ్ళు. ఆమెకి ఏడుపొచ్చింది, అంత చిన్నదానికి.

మొహం కడుక్కుని బయటికొచ్చి గదిని అప్పుడు చూసింది. ఒక మంచం. ఒక కుర్చీ. గోడకి ఒక కొక్కెం. కూజా మీద బోర్లించిన ఒక గ్లాసు. అవన్నీ ఒక్కరి కోసం. కూజాలోంచి నింపుకుని గటగటా తాగింది. మళ్ళీ నింపుకుంది. పొద్దుటినుంచి దాహం వేస్తూనే ఉందని అప్పుడు తెలిసింది.

“నిదానంగా తాగు, ఎవరూ లాక్కోరు.” పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

“ఈ గది అద్దెకిచ్చేదేనా, పిన్నిగారూ?”

“సీజన్ నాలుగు నెలలూ, వచ్చినవాళ్ళకి. అప్పుడు నేను వంటింట్లో పడుకుంటా. మిగతా ఎనిమిది నెలలూ నాకే.”

“ఒక్కరూ ఉంటారా? భయమెయ్యదా?”

“మొదటి వారం వేసింది.” ఆవిడ చేతికంటిన రంగు గోకుతూ ఆలోచించింది. “తర్వాత నిద్రపట్టింది.”

కిందనుంచి ఆయన గొంతు. “అయిందా? ఏం చేస్తున్నావింకా?”

ఆమె సంచి తెరిచి, గుడ్ల డబ్బా పక్కకి జరిపి, లోపలి జేబులోంచి ఉత్తరం లాగింది. “పిన్నిగారూ, పెన్నుందా?”  ఆవిడ కిందికెళ్ళి, లాడ్జీ పుస్తకానికి తాడుతో కట్టిన పెన్నుని తాడుతో సహా విప్పి తెచ్చింది. ఆ ఒక్క కుర్చీలో కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, ‘సమ్మతమే’ అన్నచోట ఆమె సంతకం పెట్టింది. వేలమంది కాగితాల మీద పెట్టిన సంతకమే. ఇది మాత్రం తన కాగితం.

“వస్తున్నా” అంది కిందికి, తొందరపడకుండా.

ఐదింటి పడవలో వీళ్ళు కాక ఇంకో ముగ్గురున్నారు. ఆయన సంతృప్తిగా కాళ్ళు చాపుకున్నాడు. “ఏమైనా చవగ్గా గడిచింది. పై ఏడూ ఇదే రోజుల్లో వద్దాం. ఏమంటావు?”

“పై నెల ఒకటిన శిక్షణలో చేరాలండీ. సంతకం పెట్టేశా. రేపిచ్చేస్తా.”

ఇంజను చప్పుడుకి సరిగా వినపడలేదేమో అన్నట్టు ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పలేదు. విన్నాడు.

“మరి నేను?” అన్నాడు. కోపం కన్నా దిక్కుతోచనితనమే ఎక్కువుంది ఆ గొంతులో.

“ఒక్కరికే కదా వంట. నేర్పించి వెళ్తాను.”

ఒడ్డు దగ్గరపడింది. ఆయన, తనకి తెలిసిన పని అదొక్కటే అన్నట్టు, సంచి ఒళ్ళోకి తీసుకుని గుడ్ల డబ్బా తెరిచాడు. ఒక గుడ్డు మిగిలింది. పెచ్చు ఒలిచి, చిన్న చాకుతో సరిగ్గా మధ్యకి కోసి, ఒక సగం ఆమె ముందుకి చాపాడు.

“నాకొద్దు.”

“ఆకలి లేదా?”

“ఆకలిగానే ఉంది” అందామె. “సగం వద్దంటున్నా.”