పరాయిదాన్నని రాయండి

పొద్దున్న ఆరు గంటలకే ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపడుతున్నాయి. యంత్రంలోంచి ఆవిరి కక్కుతూ వచ్చిన దుప్పటికి రెండు కొసలు ఆమె పట్టుకుంటుంది, రెండు కొసలు ఆమెతో పనిచేసే జోడీ పట్టుకుంటుంది. విదిలించి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచి కలుసుకుంటారు. పద్నాలుగేళ్ళుగా ఇదే నడక. అందరూ ఆమెను మడతలమ్మ అంటారు, అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా వినపడదు. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. బొటనవేళ్ళు బిరుసెక్కి, సూది గుచ్చినా తెలియనట్టుంటాయి.

ఇవాళ విదిలింపులో ఊపు ఎక్కువైంది. జోడీ చేతిలోంచి కొస రెండుసార్లు జారింది.

"కోపం ఆఫీసు వాళ్ళ మీదైతే నా చేతులెందుకక్కా ఊడబీకుతావ్?"

"పదకొండింటికి రమ్మన్నారు. ఇవాళ అటో ఇటో తేలాలి."

"సాయంత్రం పిల్లను తీసుకెళ్ళిపోతారంటగా?"

"ఎలా తీసుకెళ్తారో నేనూ చూస్తా."

చెల్లెలు పోయి ఏడాదైంది. దాని కూతురు, ఆరేళ్ళ పిడుగు, అప్పటినుంచీ మడతలమ్మ దగ్గరే ఉంది. పిల్ల వచ్చాక ఆమె రాత్రి షిఫ్టు మానేసింది. ఆరేళ్ళ దాన్ని గదిలో పెట్టి తాళం వేసి ఎలా వస్తుంది? దాంతో జీతం తగ్గింది, అద్దె వెనకబడింది, ఇంటివాడు ఖాళీ చేయమని తలుపుకు కాగితం అంటించాడు. ఆ కాగితం చూసి పిల్లల సంక్షేమ ఆఫీసు వాళ్ళు, ఈ పిల్లకు నిలకడైన ఇల్లు లేదు, పెంపకానికి వేరే ఇంటికి పంపుతాం అన్నారు. వేరే ఇల్లంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇల్లు. తిండికీ బట్టకీ చదువుకీ వాళ్ళకు నెలనెలా ప్రభుత్వమే భత్యం ఇస్తుంది. పెద్దమ్మకు మాత్రం ఇవ్వదు. బంధువు ఎలాగూ ప్రేమతో చూస్తుందట. ప్రేమ ఉన్నచోట అద్దె ఎవరూ అడగరని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, అతని ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో కనుక్కోవాలి.

ఆ మాట విన్నప్పటినుంచీ ఆమె కాళ్ళరిగేలా ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఇవాళ బడి మాన్పించి పిల్లనూ వెంట తీసుకెళ్ళింది, కళ్ళారా చూస్తే అధికారి మనసు కరుగుతుందని ఆశ. పిడుగు తలుపు దగ్గర బల్ల మీద కూర్చుంది. కాళ్ళు నేలకు అందడం లేదు.

అధికారి మర్యాదస్తుడు. ఒళ్ళు మండేది అందుకే, తిట్టడానికి నోరు రాదు.

"రూలు నేను పెట్టింది కాదమ్మా."

"పిల్లను తీసుకెళ్ళే ఆ కొత్తావిడకు ఇచ్చేదాంట్లో సగం నాకివ్వండి చాలు. అద్దె కట్టుకుంటాను. పిల్ల ఉన్నచోటే ఉంటుంది."

"పరాయివాళ్ళయితేనే ఇవ్వగలం. మీరు సొంత పెద్దమ్మ."

"పరాయివాళ్ళయితే ఇస్తారా?"

"ఇస్తాం."

"అయితే నన్ను పరాయిదాన్నని రాయండి."

అతను కలం కింద పెట్టాడు. "అలా ఎలా రాస్తామమ్మా?"

"ఎలా ఏముంది? అది నాకేమీ కాదు. నేను దానికేమీ కాను. దాన్ని కన్నది ఎవరో కూడా నాకు తెలీదు. రాయండి, ఎక్కడంటే అక్కడ సంతకం పెడతాను."

గొంతు వరండా దాకా వినపడింది. పక్క గదిలో గుమాస్తాలు తలలెత్తారు.

"అబద్ధం రాస్తే నా ఉద్యోగం పోతుందమ్మా."

"నిజం రాస్తే నా పిల్ల పోతుంది."

అతను మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

దారి పొడుగునా ఆఫీసునూ, రూలునూ, రూలు రాసిన చేతినీ తిట్టుకుంటూ నడిచింది. పిల్ల చెయ్యి తన చేతిలో లేదని ఇంటి మలుపు దగ్గర గానీ చూసుకోలేదు. పిడుగు నాలుగడుగుల వెనక వస్తోంది.

"అక్కడ నేనన్నది నిన్ను ఉంచుకోవడానికే. తెలిసిందా?"

"ఊఁ."

నాలుగింటికి కారు వచ్చింది. కొత్తావిడ నెరిసిన జుట్టుది, నెమ్మదైన మనిషి. రాత్రి దీపం ఉంచాలా, ఏం తినదు, దగ్గొస్తే ఏ మందు పడుతుంది, అన్నీ అడిగి తెలుసుకుంది. ఒక్క వంక దొరికితే నోరారా తిట్టుకోవాలని మడతలమ్మ చూసింది. దొరకలేదు.

నాలుగు గౌన్లు, రెండు యూనిఫారాలు, ఒక స్వెట్టర్. మడతపెట్టడం చెయ్యి తిరిగిన పని, మూడు నిమిషాల్లో సంచిలోకి సర్దడం అయిపోయింది. అంత తొందరగా అయిపోయినందుకు తన చేతుల మీదే ఆమెకు మండుకొచ్చింది.

పిల్ల తనంతట తనే మొహం కడుక్కుని, చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"వెళ్ళొస్తానని చెప్పమ్మా," అంది కొత్తావిడ.

పిడుగు తలెత్తింది. దుకాణంలో, బస్సులో, తెలియని వాళ్ళతో మాట్లాడే బుద్ధిమంతురాలి గొంతుతో అంది:

"వెళ్ళొస్తాను ఆంటీ."

పెద్దమ్మా అనవే అని నోటిదాకా వచ్చింది. ఏ మొహంతో అడుగుతుంది? తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కారు మలుపు తిరిగింది.

ఇక రాత్రి షిఫ్టుకు పోవచ్చు. అద్దె కట్టొచ్చు. రేపటినుంచి ఇది నిలకడైన ఇల్లే, వచ్చి రాసుకోమనాలి వాళ్ళని.

కుళాయి కింద, ఆరేళ్ళ పిల్ల ఎక్కితే గానీ నీళ్ళందని చోట, చిన్న పీట ఇంకా తడిగానే ఉంది.