వంటింటి కాపీ

పాటలు కాపీ కొట్టేవాళ్లను మ్యూజిక్ కంపెనీ తరఫున ముప్పయ్యేళ్లు కోర్టుకీడ్చిన మనిషి, నోటీసుల లాయరుగారు. అలాంటాయన ఇవాళ పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే షాపులో, జేబులోంచి దొంగసరుకు తీసినట్టు ఓ క్యాసెట్టు తీసి బల్లమీద పెట్టారు.

షాపతను దాన్ని తిప్పి చూశాడు. "కంపెనీ పాటలు చెయ్యం సార్" అంటూ గోడకేసి చూపించాడు. ఫ్రేములో పసుపెక్కిన నోటీసు. కింద లాయరుగారి సంతకమే!

"మిమ్మల్ని చూడగానే పోల్చుకున్నాను. మీ దెబ్బకి మా నాన్న హడలిపోయి ఫ్రేము కట్టించాడు సార్."

లాయరుగారు చూపు తిప్పుకున్నారు. క్యాసెట్టు మీద ఆయన భార్య గుండ్రటి అక్షరాల్లో 'వంటింటికి' అని ఉంది. డబ్బిచ్చి కొన్న అసలు క్యాసెట్టు అరిగిపోతుందని, రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, తలుపులు మూసి ఆవిడ చేసుకున్న కాపీ అది. ఓరోజు ఈయన కంటపడింది.

"నేనేమన్నా అమ్ముకుంటున్నానా అండీ? కొనుక్కున్న పాటేగా!" అని ఆవిడ ఎంత మొత్తుకున్నా ఈయన వినలేదు. "ఊళ్లోవాళ్లకి ఒక రూలూ, మనింటికి ఒకటీనా? చెరిపెయ్" అన్నారు. "సర్లెండి" అందావిడ. చెరపలేదు. ఆవిడ చనిపోయిన ఏడాదికి, పోయినవారం, టీపొడి డబ్బాలో దొరికింది.

ఇంట్లో పెట్టి అర నిమిషం విన్నారు. పాట మీద ఆవిడ గొంతు! అంతలోనే టేపు చుట్టుకుపోయింది. మళ్లీ పెడితే తెగుతుందేమోనని భయం. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"ఆ పాట ఇప్పుడు ఫోన్లో శుభ్రంగా దొరుకుతుంది కదా సార్?"

"పాట కంపెనీదే, తీసెయ్యగలిగితే తీసెయ్యి. మిగతా చప్పుళ్లు మా ఇంటివయ్యా. మా ఆవిడ మాట్లాడింది అందులో" అన్నారు.

షాపతను క్యాసెట్టు విప్పి, టేపును ఓపిగ్గా సాపు చేసి, కొత్త డబ్బాలోకి మార్చి మీట నొక్కాడు.

పాట మొదలైంది. కుక్కరు కూత పెట్టింది. "ష్... మాట్లాడకే, ఆయనొచ్చే వేళయింది" అని కూతుర్ని కసిరింది ఆవిడ. తర్వాత తనే ఉండబట్టలేక, శ్రుతి ఎటుపోతే అటుపోనీ అని పాటతో గొంతు కలిపింది. పెళ్లయిన కొత్తలో ఈయన ఎంత బతిమాలినా పాడని మనిషి! లాయరుగారు కళ్లజోడు తీసి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ వంటింట్లో తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆవిడ కళ్లముందుకొచ్చేసింది.

అప్పుడు కాలింగ్‌బెల్ మోగింది.

"అమ్మో, వచ్చేశారు!" అని నవ్వు. టక్కుమని ఆగిపోయింది.

"ఇంకా ఉందా?"

షాపతను చివరిదాకా తిప్పి చూశాడు. "లేదు సార్. అక్కడితో ఆపేశారు."

లాయరుగారు కళ్లు తుడుచుకున్నారు.

"ఆ బెల్లు కొట్టింది నేనే" అన్నారు.