లేటు

“ద బాయ్ వాజ్ లేట్. అంటే, కుర్రాడు చచ్చిపోయాడు” అని నాగులమ్మ అర్థం చెప్పగానే గదిలోని ఆడపిల్లలంతా పకపకా నవ్వారు.

మాచర్లలో బషీరున్నీసా టీచర్ ఇంటి ముందుగది అది. ఇంటర్ ఇంగ్లీషు తప్పిన పిల్లల్ని ఆదివారాలు కూర్చోబెట్టి ఆమె చిన్న కథలు చదివించేది. చదివాక ఆ కథ గురించి తలా నాలుగు ముక్కలు ఇంగ్లీషులోనే మాట్లాడాలి. గ్రామరు ఎంత బట్టీపట్టినా నోరు తిరగదనీ, కథ గురించి వాదులాడుకుంటే మాట దానంతటదే వస్తుందనీ ఆమె నమ్మకం. ఫీజు అడిగేది కాదు.

“చచ్చిపోవడం ఏందే? బడికి ఆలస్యంగా వచ్చాడు, అంతే” అంది టీచర్.

“పోయిన కథలో లేట్ హజ్బెండ్ అంటే చనిపోయిన మొగుడని మీరే చెప్పారు గదా!”

“అది పేరుకు ముందు వస్తే. వాజ్ లేట్ అంటే ఆలస్యం చేశాడని. రెండూ ఒకటి కాదు.”

నాగులమ్మ మొహం పాలిపోయింది.

“నేను ఎస్ అన్నాను టీచర్” అంది.

ఆమె తండ్రి పెదకోటయ్య నాపరాళ్ల క్వారీలో రోజుకూలీ. బండ పగలడానికి తూటా పేల్చేముందు, కూలీలు తప్పుకునేలా ఈల ఊదాలి. ఆయన పోయిన రోజు ఊదలేదు. బండ కింద మనిషి మనిషిలా మిగల్లేదు. మొన్న గురువారం విచారణకి ఉత్తరాది ఆఫీసరు వచ్చాడు. ఆయనకి తెలుగు రాదు. క్వారీ మేనేజరు పుల్లారావే నడుమ నిలబడి తర్జుమా చేశాడు. పుల్లారావుకి రెండు భాషలూ వచ్చు. ఏ భాషలో ఏది మింగెయ్యాలో ఇంకా బాగా వచ్చు.

“ఈల ఊదలేదయ్యా, మా ఆయనకి తెలవనే తెలవదు” అని నాగులమ్మ తల్లి మస్తానమ్మ గుండెలు బాదుకుంది. పుల్లారావు గబగబా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. చివర్న “హి వాజ్ లేట్” అన్నాడు. నాగులమ్మకి అందిన మాట అదొక్కటే. పోయిన నాయన గురించి మర్యాదగా చెబుతున్నాడనుకుంది. పిల్ల చెవులు రిక్కించడం చూసి ఆఫీసరు అడిగాడు.

“యువర్ ఫాదర్ వాజ్ లేట్?”

కథల క్లాసులో మాట్లాడినట్టే లేచి నిలబడి, తడబడకుండా చెప్పింది.

“ఎస్ సర్. మై ఫాదర్ వాజ్ లేట్.”

ఈల విని కూడా పెదకోటయ్య ఆలస్యంగా కదిలాడని అప్పటికప్పుడు ఖాయమైపోయింది. కన్నకూతురే సాక్ష్యం.

సంగతంతా విని టీచర్ తలపట్టుకుంది. “నేనొస్తా, ఆ ఆఫీసరు దగ్గరికి పోదాం” అంది. ఇప్పుడు చెబితే నమ్ముతాడని మాత్రం అనలేకపోయింది. పిల్లలెవరూ నవ్వడం లేదు. నాగులమ్మ పుస్తకం అక్కడే పెట్టి బయటికి నడిచింది.

ఇంటి వాకిట్లో మస్తానమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కింటి ముంతాజ్ తోడు కూర్చుంది.

“అదుగో, వచ్చింది! ముంతాజక్కా, మొన్న దొర ముందర మా పిల్ల ఎట్టా మాట్టాడిందనుకున్నావు! నేను తెలుగులో ఎంత మొత్తుకున్నా నా వంక చూడని మడిసి, దాని మాటకి తలూపాడు. మా ఆయన ఉండి వింటే చానా మురిసిపొయ్యేవాడు.”

“ఏమన్నావో ఒకసారి అనమ్మా, వింటాం” అంది ముంతాజ్.

మొగుడు పోయాక మస్తానమ్మ మొహాన నవ్వు రావడం ఇదే మొదలు.

“అనను” అంది నాగులమ్మ.

“సిగ్గు దానికి. మీ నాయన కోసరం అనవే.”

“అననమ్మా. నాయన ఆలీసంగా కదిలాడని, తప్పు ఆయనదేనని నేనే చెప్పొచ్చానే.”

మస్తానమ్మ చెయ్యి చేటలో ఆగింది. ఆమెకి ఇంకా అర్థం కాలేదు. మొహం మీద నవ్వు అట్లాగే ఉంది.