రెండు గుమ్మాలు, ఒకే గది

నేను ఒక మందు మోతాదును. సీసాలో ఉండేదాన్ని కాదు, కంప్యూటర్లో ఉండే అంకెను. ఆసుపత్రి పెట్టెలో రోగి పెట్టె, దానిలో చికిత్స పెట్టె, దాని అడుగున నేను. నన్ను చదవాలన్నా మార్చాలన్నా ఒక్కో మూతా తీసుకుంటూ దిగి రావాలి.

నాకు ఈ కొంప కట్టింది హైదరాబాదులో శ్రీవల్లభ్ అనే ప్రోగ్రామరు. తెలివైనవాడే, కాదనను. కవలలు పుడితే మొదటి బిడ్డ వివరాలే రెండో బిడ్డకీ మళ్లీ కొట్టడం ఎందుకని, మొదటి బిడ్డ పెట్టెకు నకలు తీసి పేరు మార్చే ఏర్పాటు చేశాడు. తీరా నకలు వచ్చింది పై పెట్టెకే. లోపలి చికిత్స పెట్టె ఇద్దరికీ ఒక్కటే మిగిలింది.

"లోపలిదాకా చూశావా?" అని అతని పైఅధికారి జాహ్నవి అడిగింది.

"పైన పేరు మారింది కదండీ, లోపలా మారుతుంది," అన్నాడు.

పైన పటారం లోన లొటారం అన్న సామెత అతను వినే ఉంటాడు. తన పనికి వర్తిస్తుందని అనుకుని ఉండడు.

కాకినాడలో ఒక ఆసుపత్రిలో శిరోమణి అనే ఆమెకు కవలలు పుట్టారు. పిల్లాడు బొద్దుగా, పిల్ల అరచేతిలో పట్టేంత. ఇద్దరికీ ఇన్ఫెక్షనే. పెద్ద డాక్టరు చెల్లెలికి నన్ను ఆరుగా రాశారు. వెంటనే అన్నకు పన్నెండు రాశారు. రాసింది నా మీదే. ఆరు చెరిగిపోయిందని చెప్పడానికి నాకు నోరెక్కడిది?

నర్సు సుగుణ తెర చూసి ఆగింది. "ఇంత పసిగుడ్డుకి పన్నెండా సార్?"

"సిస్టంలో ఉంది కదమ్మా, ఎక్కించు," అన్నాడు డ్యూటీ డాక్టరు తల ఎత్తకుండా.

మనుషులు తమ కళ్లను నమ్మరు, నన్ను నమ్ముతారు. ఆ నమ్మకమంటే నాకు అసహ్యం.

కొన్నాళ్లకు చెల్లెలికి చెవుల పరీక్ష చేశారు. ఎక్కువైన మందు వినికిడిని తినేసింది. 'వినబడదు' అని నా పక్కనే రాశారు. పెట్టె ఒకటే కనుక అన్న ఫైల్లోనూ అదే కనబడింది.

"ఆడికి వినబడకపోవడం ఏటండీ, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు," అని శిరోమణి గొడవ పెట్టుకుంది.

అప్పుడు కదిలింది హైదరాబాదు కంపెనీ. లోపలి పెట్టెలకూ నకళ్లు తీసేలా శ్రీవల్లభ్ ప్రోగ్రాములో ఒక్క వరుస రాశాడు. ఒక్కటంటే ఒక్కటే. 'పిల్లవాడి వినికిడి సరిచేశాం' అని నివేదిక పంపి ఫిర్యాదు మూసేశారు. చెల్లెలి సంగతి ఎవరూ అడగలేదు, ఆమె ఫైల్లో ఉన్నది నిజమే కదా.

అన్నకు కొత్త పెట్టె వచ్చింది. నేను చెల్లెలి దగ్గరే ఉండిపోయాను, పన్నెండుగానే. ఒకప్పుడు ఆరుగా ఉన్నానన్న ఆనవాలు ఎక్కడా లేదు.

ఎందుకిలా అయిందని శిరోమణి ఎప్పుడు అడిగినా తెర ఆమె వైపు తిప్పి నన్నే చూపిస్తారు. "డాక్టరుగారు రాసిందే ఇచ్చామమ్మా."

ఆమె నా వంక కాసేపు చూస్తుంది. తర్వాత ఒళ్లో ఉన్న పిల్లను పేరు పెట్టి పిలుస్తుంది. పిల్ల నా వెలుగును చూసి నవ్వుతూ ఉంటుంది, అమ్మ వైపు తిరగదు.