ఎనభై దాటితే

"ఒరే నత్తా, స్పీడు ఎనభై దాటితే చాలు, కారు గజగజ వణుకుతోంది. త్వరగా చూడు!" అన్నాడు బావ.

నిదానంగా పనిచేస్తాడని ఇరవై ఏళ్లుగా బావమరిదిని నలుగురిలోనూ బావ పిలిచే పేరది. విన్నప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది. అక్కది ఇంకో బాధ. "కాస్త మెల్లగా పోనివ్వండి" అని ఆమె ప్రాణాలు అరచేత పట్టుకుని బతిమాలితే, బావ నవ్వుతూ ఇంకాస్త తొక్కేవాడు.

తన టైర్ల షాపులో అతను పళ్లు కొరుకుతూ ముందు చక్రం విప్పాడు. రిమ్ము లోపల గుప్పెడు బంకమట్టి ఎండి అంటుకుపోయి ఉంది. చక్రం ఒక పక్కకి బరువెక్కితే, వేగం పెరిగేకొద్దీ వణక్క చస్తుందా? గీకేస్తే నిమిషంలో వదిలిపోతుంది. స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

మట్టి మీద నాలుగు సన్నటి వేళ్ల అచ్చులు కనిపించాయి.

తలెత్తి చూశాడు. ఇంటినిండా కుండీల్లో మొక్కలు పెంచే అక్క, కారు పక్కనే నిలబడి కళ్లార్పకుండా అతన్నే చూస్తోంది.

అతను చక్రాన్ని అలాగే మళ్లీ బిగించేశాడు.

"దీనికి మందు లేదు బావగారూ. ఎనభై దాటించారో, ఇక మీ ఇష్టం."

బావ ముఖం మాడిపోయింది. "మరెలా నడపాలిరా?"

"నత్తలాగా," అంది అక్క, కారెక్కి సీటుబెల్టు పెట్టుకుంటూ.