లాల పోయనన్న పైడమ్మ

మా జలంత్రకోటలో, మా వీధిన ఎవరింట పురుడైనా పసిబిడ్డకు లాల పోసేది మా ఆవిడ పైడమ్మే. పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి వేడినీళ్లు పోస్తుంది. ఆవిడ చెయ్యి పడితే ఏడ్చే పిల్ల ఊరుకుంటుంది. అలాంటి మనిషి, సొంత మనవరాలు సింధూర ఆడపిల్లను కని ఇంటికొస్తే, తాను పోయనంది.

“మోకాళ్లు వొంగట్లేదు ప్రమోదినీ. ఇంకెవుర్నైనా పిలు” అంది కోడలితో, అంటే సింధూర తల్లితో.

ప్రమోదిని ముఖం మాడ్చుకుంది. “ఊరందరి పిల్లలకీ వొంగినాయి గదత్తా. నా మనవరాలికే వొంగవేటి?”

నొప్పి అబద్ధం కాదు. రెండేళ్లుగా ఉంది. తెల్లారి లేస్తే వేళ్లు ముడుచుకోవు, చెంబు పట్టలేదు. ఎండెక్కాక కాస్త సడలుతాయి. జీడిపప్పు పొట్టు ఒలిచే పని అందుకే మానేసింది. మా ఉద్దానంలో ఒంట్లో ఏం బాగోకపోయినా ముందు కిడ్నీ అనే భయపడతాం. కిందటి నెల పలాస ఆసుపత్రిలో ఆవిడకు రక్తం తీశారు. మళ్లీ వెళ్తే డాక్టరమ్మ కాగితం చూసి, కిడ్నీలు బాగున్నాయంది. ఆ మాట చెవిన పడ్డాక నేనింకేమీ వినలేదు. బస్టాండులో వేడి జిలేబీ కొన్నాను. పైడమ్మ ముట్టలేదు. తినబుద్ధి కాలేదేమో అనుకున్నాను.

లాల పోయనన్న రోజు సాయంత్రం పెరట్లో చూశాను. పైడమ్మ కంచం, గ్లాసు అరుగు మీద విడిగా బోర్లించి ఉన్నాయి. దువ్వెన కూడా అక్కడే ఉంది. పక్కన కూర్చున్నాను.

“ఏటే ఇది?”

“నీకెందుకు మావా.”

నేను లేవలేదు. నాకు మాట్లాడటం కంటే కూర్చోవడం బాగా వచ్చు. చివరికి ఆవిడే చెప్పింది.

“లివర్లో వైరస్ ఉన్నాదంట. హెపటైటిస్ సి అంది డాక్టరమ్మ. కీళ్లు నొప్పెట్టడం దాంతోనేనంట. మందుకి మళ్లీ రమ్మంది. నువ్వేమో కిడ్నీ కాదని జిలేబీ కొట్టుకాడికి పరిగెట్టినావు. నాకు నోరు రాలేదు. అంటుకునే జబ్బు మావా. పసిగుడ్డుని ఎలా ముట్టుకోమంటావు?”

మర్నాడు మొదటి బస్సుకి ఆవిణ్ణి పలాస తీసుకెళ్లాను.

డాక్టరమ్మ చెబుతుంటే పైడమ్మ తల దించుకుని ఊ కొడుతోంది. అడగాల్సింది అడగదని తెలిసిపోయింది.

“అమ్మా, ఈవిడ పసిపిల్లకి లాల పొయ్యొచ్చా, పొయ్యకూడదా?” అన్నాను. పైడమ్మ నా వైపు తిరిగి చూసింది. ఆసుపత్రిలో నా గొంతు వినడం ఆవిడకు అదే మొదటిసారి.

డాక్టరమ్మ రాయడం ఆపింది. “పొయ్యొచ్చు తాతా. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తే వస్తుంది. బ్లేడు, సూది, బ్రష్షు, గోళ్లు తీసేది మాత్రం విడిగా ఉంచుకోండి. చేతికి గాయమైతే మానేదాకా పిల్ల పని ఆపండి. మూడు నెలలు మాత్రలు వాడితే చాలామందికి వైరస్ పోతుంది.”

“మరి నొప్పులో?”

“తగ్గొచ్చు. కొందరికి ఆలస్యమవుతుంది. ఈలోగా ఎవరో ఇచ్చారని నొప్పి బిళ్లలు మింగొద్దు. నువ్వు కూడా ఒకసారి పరీక్షకి రక్తం ఇచ్చి వెళ్లు తాతా.”

నేను రక్తం ఇచ్చి వచ్చేసరికి పైడమ్మ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటోంది. గాయమేదీ లేదు.

బస్సులో చాలా దూరం వచ్చాక అంది. “పొయ్యొచ్చంది గానీ, మోకాళ్లు నిజంగానే వొంగవు మావా.”

ఇంటికొచ్చి ప్రమోదినికి అంతా చెప్పింది. కోడలు వింటూనే అరుగు మీది కంచం తీసుకెళ్లి, వంటింట్లో మిగతావాటి మధ్య పెట్టింది.

మర్నాడు ఎండెక్కేదాకా ఆగాను. పైడమ్మ వేళ్లు సడలాయని చూసి, పెరట్లో పీట వేసుకుని, పంచె పైకి లాక్కుని కాళ్లు చాపాను.

“పిల్లని ఇలా తే” అన్నాను.

సింధూర భయపడింది. “తాతా, జారిపోద్దేమో.”

“కాళ్లు నావి. పోసేది మీ మామ్మ.”

పైడమ్మ నా కాళ్ల వైపు చూసింది. “ఎండు కొబ్బరిమట్టల్లాగున్నాయి. పిల్లకి గుచ్చుకోవా? ప్రమోదినీ, పాత సీర మడతెట్టి వాటి మీద వెయ్యే.”

పక్కన ఎత్తు స్టూలు వేయించుకుని కూర్చుంది. ప్రమోదిని పిల్లను పడుకోబెట్టింది. పిల్ల కేరుమంది. గోడ మీంచి పక్కింటి సోమేశ్వరరావు తొంగి చూశాడు.

“ఏటి బావా, కొత్త ఉజ్జోగమా? మా ఇంటికీ వత్తావేటి?”

“ముందు నేర్సుకోనీ అన్నియ్యా” అంది పైడమ్మ. “మావా, మడమలు దగ్గరకెట్టు. ఊపిరి బిగబట్టకు, పిల్లకి తెలిసిపోద్ది.”

ఆవిడ వేళ్లు మునుపటిలా చకచకా కదల్లేదు. నూనె రాస్తూ మధ్యలో ఆగేవి, మళ్లీ కదిలేవి. అరచేత్తో పొట్ట మీద, రొమ్ము మీద, చిన్న మోకాళ్ల మీద మెల్లగా రాసింది. వేడినీళ్లు తగిలినప్పుడు ఆవిడకే హాయిగా ఉన్నట్టుంది, కళ్లు సగం మూసుకుంది. పిల్ల ఏడుపు ఆపి, ఆవలించి, నా కాళ్ల మధ్యే నిద్రపోయింది. పైడమ్మ చెయ్యి తియ్యలేదు.

“నొప్పెడతన్నాయేటి కాళ్లు?” అంది కాసేపటికి.

“లేదు” అన్నాను.

పిక్కలు పట్టేశాయి. నేను కదల్లేదు.